‘వాంట్’ అంటే కోరిక ఒక్కటేనా? స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసులో రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

తిరుపతిలో స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసులు చెప్పుకుంటూ బతుకుతున్నవాణ్ణి. నా దగ్గరికి హోటల్ రిసెప్షన్‌లో పనిచేసే పిల్లలు, ట్రావెల్స్ డ్రైవర్లు, శ్రీసిటీ కంపెనీల ఇంటర్వ్యూలకు పోయేవాళ్లు, విదేశాలకు పోవడానికి ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లీషు పరీక్ష రాసేవాళ్లు ఇలా అన్ని రకాలవాళ్లూ వస్తారు. ‘వాంట్’ అనే మాట తెలియనివాళ్లు వీళ్లలో ఒక్కరూ ఉండరు. చిన్నప్పుడే వచ్చేసిన మాట కదా అని దాన్ని ఎవరూ మళ్లీ తిరగేసి చూడరు, అక్కడే వస్తుంది తంటా.

అపోహ: కావాలి అంటే వాంట్, వాంట్ అంటే కావాలి.

వాస్తవం: మిగతా గొడవలన్నీ ఇక్కడి నుంచే పుడతాయి కాబట్టి దీని గురించి కొంచెం ఎక్కువే చెప్తాను. ‘నాకు కాఫీ కావాలి’ అంటే ఇష్టం, అక్కడ వాంట్ సరిపోతుంది. ‘మా నాన్నకు అర్జెంటుగా రక్తం కావాలి’ అంటే అవసరం, అక్కడ నీడ్ రావాలి. ‘ఏడింటికల్లా డ్యూటీలో ఉండాలి’ అంటే తప్పదని, అది హ్యావ్ టు. తెలుగులో ఈ మూడింటినీ ‘కావాలి’, ‘ఉండాలి’, ‘పోవాలి’ అని ఒకే తోకతో లాగించేస్తాం. చిత్తూరు వైపు ఇంట్లో తమిళం మాట్లాడే పిల్లలు ‘మాకా సమస్య లేదు సార్’ అంటారు గానీ వాళ్ల ‘వేణుం’ కూడా అంతే, ఇష్టాన్నీ అవసరాన్నీ కలిపే మోస్తుంది.

దీనివల్ల ఏమవుతుందంటే, మేనేజర్ ‘ఈ రోజు నైట్ షిఫ్ట్‌కి ఉండగలవా?’ అని ఇంగ్లీషులో అడుగుతాడు, మన పిల్లవాడు ‘సార్, ఐ వాంట్ టు గో హోమ్’ అంటాడు. వాడి మనసులో ఉన్నది ‘ఇంటికి పోవాల సార్, అమ్మకు బాగాలేదు’ అని. మేనేజర్‌కు వినిపించింది మాత్రం ‘నాకు ఇంటికి పోవాలని ఉంది’ అని. ఒకటి కష్టం, ఇంకోటి సరదా. అక్కడ ‘ఐ హ్యావ్ టు గో హోమ్’ అని ఉంటే పర్మిషన్ ఇచ్చినా ఇవ్వకపోయినా, కనీసం మొహం చిట్లించేవాడు కాదు.

దీనికి నేను చెప్పే చిట్కా ఒకటుంది. ఇంగ్లీషులోకి పోయే ముందు మీ తెలుగు వాక్యం చివర ‘అని ఉంది’ తగిలించి చూడండి. ‘కొండకు నడిచిపోవాలని ఉంది’ - అతుకుతోంది, వాంట్ వాడొచ్చు. ‘కరెంటు బిల్లు కట్టాలని ఉంది’ - ఎవరికుంటుంది? అది హ్యావ్ టు. వస్తువుల విషయంలో ఇంకో ప్రశ్న వేసుకోండి, అది లేకపోతే పని ఆగుతుందా? ఆగితే నీడ్. మాట్లాడే వేగంలో ఇవన్నీ ఆలోచించలేం అంటారు, నిజమే, అందుకే ముందు తెలుగులో అలవాటు చేసుకోమంటాను.

అపోహ: వాంట్ మర్యాద లేని మాట, అసలు వాడకూడదు.

వాస్తవం: సగమే నిజం. రిసెప్షన్‌లో నిలబడి ‘వాట్ డు యు వాంట్?’ అంటే మొరటుగానే ఉంటుంది. మన దుకాణాల్లో ‘ఏం కావాలండీ?’ అంటారు, ఇంకా మన ఊళ్లో అయితే ‘ఏం కావాల సామీ?’ అంటారు. మర్యాదంతా ఆ ‘అండీ’లో, ‘సామీ’లో ఉంది. ఇంగ్లీషులోకి మార్చేటప్పుడు అది రాలిపోయి ‘నీకేం కావాలి?’ అన్న నిలదీత ఒక్కటే మిగులుతుంది. అందుకే అక్కడ ‘హౌ క్యాన్ ఐ హెల్ప్ యు?’ అనాలి. మనం అడిగేటప్పుడు కూడా ‘ఐ వాంట్ ఎ రూమ్’ కంటే ‘ఐ’డ్ లైక్ ఎ రూమ్’ మెరుగు.

అలాగని ఆ మాటనే బహిష్కరించక్కర్లేదు. ‘డు యు వాంట్ సమ్ వాటర్?’ అని మనమే ఇవ్వబోతే అందులో తప్పేముంది, ఎంతో మామూలు మాట. ‘డు యు వాంట్ మి టు కాల్ ఎ ట్యాక్సీ?’ అంటే ‘ట్యాక్సీ పిలవమంటారా?’ అని, చక్కటి మర్యాద. ఇంకో విశేషం, ‘ఐ వాంటెడ్ టు ఆస్క్ యు సమ్‌థింగ్’ అంటారు, అడిగేది ఇప్పుడే అయినా క్రియను భూతకాలంలో పెడతారు, మాట మెత్తబడుతుంది. మనం ‘ఒక మాట అడుగుదామని వచ్చాను’ అనడం లాంటిదే. బ్రిటన్‌లో ‘యు వాంట్ టు బి కేర్‌ఫుల్’ అని కూడా వింటారు, అందులో కోరికేమీ లేదు, జాగ్రత్తగా ఉండమని సలహా.

అపోహ: ‘వాంటెడ్లీ’ మంచి ఇంగ్లీషు మాట.

వాస్తవం: ‘వాడు వాంటెడ్‌గా చేశాడు సార్’ అని మనం రోజూ అంటాం. ‘కావాలనే చేశాడు’లోని ‘కావాలి’ని పట్టుకుని వాంట్‌లోకి దించేసి, దానికి ‘గా’ అంటించాం, ఇంగ్లీషులో అయితే ‘లీ’ అంటించాం. మన తెలుగులో అది బాగానే ఇమిడిపోయింది, నేనూ వాడతాను, సిగ్గుపడాల్సిన పని లేదు. కానీ అమెరికా క్లయింట్‌కు ఈమెయిల్‌లో ‘హి డిడ్ ఇట్ వాంటెడ్లీ’ అని రాస్తే ఆయన తల గోక్కుంటాడు. ‘ఆన్ పర్పస్’ అనండి, రాతలో అయితే ‘డెలిబరేట్లీ’.

అపోహ: వాంట్ అసలు అర్థం కోరుకోవడం.

వాస్తవం: అసలు అర్థం లేకపోవడం! స్కాండినేవియావాళ్లు ఒకప్పుడు మాట్లాడిన పాత నార్స్ భాషలోని ‘వాంటా’ నుంచి సుమారు 800 ఏళ్ల కింద ఇంగ్లీషులోకి వచ్చిన మాట ఇది, అప్పుడు దాని అర్థం లోటు. లేనిది అవసరమవుతుంది, అవసరమైనదాన్ని కోరుకుంటాం, అలా జరిగి జరిగి 18వ శతాబ్దం నాటికి గానీ కోరిక అనే అర్థం గట్టిగా కనబడదు. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్ 23వ కీర్తనలో ‘ఐ షల్ నాట్ వాంట్’ అని ఉంటుంది. చర్చికి వెళ్లే నా స్టూడెంట్స్ చాలామంది దాన్ని ‘నేను ఏదీ కోరను’ అనుకుంటారు. అదే వాక్యం తెలుగు బైబిల్లో వాళ్లకు కంఠతా వచ్చు, ‘నాకు లేమి కలుగదు’ అని! పాత అర్థం ఇప్పటికీ బతికే ఉంది. ‘ఫర్ వాంట్ ఆఫ్ టైమ్’ అంటే టైమ్ లేక, ‘ఫౌండ్ వాంటింగ్’ అంటే సరితూగలేదని తేలడం. ఐఈఎల్‌టీఎస్ రీడింగ్‌లో ఇవి తగిలితే కోరిక అనుకుని తప్పు జవాబు పెట్టేవాళ్లున్నారు.

ఐఎన్‌జీ సంగతి క్లుప్తంగా చెప్తాను. వాంట్‌కు ఐఎన్‌జీ ఎప్పుడూ రాదంటారు. ‘ఐ యామ్ వాంటింగ్ టూ టికెట్స్’ తప్పే, కానీ ‘ఐ హ్యావ్ బీన్ వాంటింగ్ టు మీట్ యు’ శుభ్రంగా చెల్లుతుంది, ‘ఎన్నాళ్లుగానో కలవాలనుకుంటున్నా’ అని.

అపోహ: పెద్ద టెన్షన్ గ్రామరే, ఉచ్చారణ ఎలా ఉన్నా పర్లేదు.

వాస్తవం: మనం మామూలుగా ‘వాంట్’ అంటాం, ఇబ్బంది లేదు, అందరికీ అర్థమవుతుంది. యూట్యూబ్‌లో బ్రిటిష్ యాస చూసి నేర్చుకునేవాళ్లతోనే చిక్కు. బ్రిటిష్‌వాళ్లు పలికేది పొట్టి ఒత్వంతో ‘వొంట్’. మనవాళ్లు దాన్ని సాగదీసి ‘వోంట్’ చేస్తారు. అది ‘విల్ నాట్’! అందులోనూ ‘టు’ మింగేసి ‘ఐ వోంట్ పే’ అని కౌంటర్ దగ్గర అన్నారనుకోండి, ‘డబ్బు కట్టాలనుకుంటున్నా’ అన్నది కాస్తా ‘కట్టను పో’ అయిపోతుంది. ఒ, ఓ రెండూ ఉన్న లిపి మనది, ఆ తేడా పలకడం మనకు కష్టమేమీ కాదు. ‘టు’ మింగడం ఇంకో చోట కూడా ప్రమాదమే. ‘నువ్వు రావాలి’ అనడానికి ‘ఐ వాంట్ యు టు కమ్’ అనాలి, ‘ఐ వాంట్ దట్ యు షుడ్ కమ్’ కాదు. మధ్యలో ‘ఐ వాంట్ యు’ దగ్గర ఆగి మాత్రం ఆలోచించకండి, ఎదురుగా ఉన్నది ఆఫీసు మేడమ్ అయితే మరీనూ.

అపోహ: వాంట్ చిన్న మాట, డిజైర్, విష్ వాడితే గొప్పగా ఉంటుంది.

వాస్తవం: అప్లికేషన్‌లో ‘ఐ డిజైర్ దిస్ జాబ్’ అని రాస్తే నవ్వుకుంటారు. డిజైర్‌లో మోహం వాసన ఉంటుంది, ఉద్యోగానికి ‘ఐ యామ్ ఇంట్రెస్టెడ్ ఇన్’ చాలు. విష్ దారి వేరు. దొరకనిదాని మీద ఆశ చెప్పాలంటే క్రియ భూతకాలంలోకి వెనక్కి పోవాలి, ‘ఐ విష్ ఐ న్యూ తమిళ్’, అంటే ‘తమిళం వచ్చి ఉంటే బాగుండేది’ అని. జరగడానికి అవకాశం ఉన్నదానికి విష్ కాదు, హోప్. ‘ఐ హోప్ యు పాస్’. ఇక మనం తెలుగులో ‘సార్‌ని విష్ చేశా’ అంటాం చూడండి, దాన్ని ‘ఐ విష్డ్ మై సర్’ అని మార్చేస్తే ఇంగ్లీషువాడు ‘ఏమని?’ అని ఎదురుచూస్తూ ఉంటాడు. ‘ఐ సెడ్ గుడ్ మార్నింగ్ టు మై సర్’ అంటే పని అయిపోతుంది.