మా బాబాయి పుట్టి లెక్క, ఫోన్‌లో ఏఐ: అపోహలు - వాస్తవాలు

యాప్‌లకు ఏఐ అసిస్టెంట్లను తగిలించే టీమ్‌లో పనిచేస్తాను. నెల్లూరులో, ఇంటి నుంచే. ఆదివారం బుచ్చిరెడ్డిపాళెం వెళ్లానంటే అరుగు మీద కూడా అదే డ్యూటీ. "ఏందబ్బాయా, ఈ ఫోను మన మాటలన్నీ వింటుందంట గదా?" అని మొదలవుతుంది. అక్కడ పదే పదే వచ్చే నాలుగు మాటలివి.

అపోహ: ఫోన్‌లో అన్నీ తెలిసిన మెదడొకటి ఉంది.

మొన్న కోతలప్పుడు మా బాబాయి ఫోన్‌ని అడిగాడు, గ్రేడ్-ఏ రకం వడ్లకు పుట్టి (మా వైపు వడ్ల కొలత) మద్దతు ధర ఎంతని. తడుముకోకుండా 23,890 రూపాయలంది. బాబాయి నవ్వి, "ఇది మన జిల్లాది కాదురా" అన్నాడు. 2025-26లో గ్రేడ్-ఏ ధర క్వింటాల్‌కు 2,389 రూపాయలు. దాన్ని సరిగ్గానే పట్టుకొచ్చింది. కానీ పుట్టంటే పది క్వింటాళ్లనుకుంది. నెల్లూరు పుట్టి 850 కిలోలు, అంటే 20,306 రూపాయల దగ్గర ఆగాలి. పుట్టికి మూడున్నర వేలకు పైనే తేడా!

అసలు లోపల ఉన్నది ఒక్కటి కాదు. మన మాటను అక్షరాల్లోకి మార్చేది ఒకటి, వెబ్‌లో వెతికి నాలుగు ముక్కలు తెచ్చేది ఇంకొకటి. ఆ ముక్కల్నీ, కంపెనీ ముందే రాసిపెట్టిన సూచనల్నీ, మన ప్రశ్ననీ కలిపి చదివి జవాబు అల్లేది భాషా మోడల్. ఇక్కడ దానికి ధర దొరికింది, కొలత దొరకలేదు. ఆ ఖాళీలో తనకు తోచిన అంకె వేసేసింది. వేశానని చెప్పదు, అదీ చిక్కు.

రైతుల యాప్‌కైతే మేం చేసే మరమ్మతు చాలా మామూలుది. ఆ సూచనల్లో "నెల్లూరు జిల్లాలో పుట్టి అంటే 850 కిలోలు, ఏ జిల్లానో తెలియకపోతే ముందు అడుగు" అని రాస్తాం. (జీతమిచ్చేది దీనికా అంటే, చాలావరకు దీనికే.) ఫోన్‌ని అలారం పెట్టమన్నా అంతే, ఒక్కో పని ఒక్కోటి చేస్తుంది. మోడల్ "తెల్లవారి 5 గంటలు" అని చీటీ రాసిస్తుంది, మోగించేది మామూలు గడియారం యాపే.

అపోహ: రోజంతా మన మాటలు విని కంపెనీకి పంపుతుంది.

"అలెక్సా", "హే గూగుల్" లాంటి పిలుపు కోసం పరికరంలోనే ఒక చిన్న ప్రోగ్రాం కాచుకుని ఉంటుంది. అది కొన్ని సెకన్ల శబ్దాన్నే పట్టుకుని, వెంటనే చెరిపేస్తూ పోతుంది. పిలుపు వినబడ్డాకే మిగతా కథ. అలాగని జనం అనుమానం ఉత్తిదేమీ కాదు. పిలవకపోయినా పిలిచారనుకుని మేలుకోవడం ఉంది. సిరి, గూగుల్ అసిస్టెంట్, అలెక్సా రికార్డింగుల్లో కొన్నింటిని మనుషులు కూర్చుని విన్నారని 2019లో బయటపడింది. సిరి మీద పడిన కేసులో యాపిల్, తప్పు ఒప్పుకోకుండానే, 9.5 కోట్ల డాలర్లకు రాజీపడింది. అది 2025 జనవరి మాట.

అపోహ: వాట్సాప్‌లో మెటా ఏఐ అని నీలి గుండ్రం వచ్చింది, ఇక చాట్‌లన్నీ అది చదువుతుంది.

మా పెళ్లిళ్ల గ్రూపులో ఈ ఫార్వర్డ్ ఇప్పటికి ఎన్నిసార్లు తిరిగిందో! మనం మనం రాసుకునేవి లాక్‌లోనే ఉంటాయి. మెటా ఏఐని అడిగింది, గ్రూపులో దాన్ని పిలిచి చెప్పింది మాత్రం వాట్సాప్ యజమాని మెటాకు చేరుతుంది. వాట్సాప్‌ని మన ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ ఖాతాలతో కలిపి ఉంటే, 2025 డిసెంబర్ 16 నుంచి మన దేశంలో ఆ సంభాషణల్ని చూసి అక్కడ ప్రకటనలు కూడా ఎంచుతున్నారు. మా అత్తయ్య షుగర్ రిపోర్టు ఫొటో తీసి అందులో పెట్టబోతుంటే, అది మెటాకు చేరుతుందనే నేను ఆపాను.

అపోహ: తెలుగులో అడిగితే దానికి బుర్ర పనిచేయదు.

కొన్నేళ్ల కిందటైతే సగం నిజమే. మోడల్ మాటల్ని టోకెన్లనే ముక్కలుగా కోసుకుని చదువుతుంది. 2024 మేలో జీపీటీ-4ఓ అనే మోడల్ వచ్చినప్పుడు, దాన్ని తయారుచేసిన ఓపెన్‌ఏఐ (చాట్‌జీపీటీ కంపెనీ) ఒకే వాక్యాన్ని పాత పద్ధతిలో, కొత్త పద్ధతిలో కోసి చూపించింది. ఇంగ్లీషులో 27 ముక్కలు 24 అయ్యాయి. తెలుగులో 159 కాస్తా 45కి దిగాయి. కంపెనీకి ముక్క ముక్కకూ ఖర్చే కాబట్టి, ఈ ఒక్క మార్పుతో తెలుగు చాలా చౌకైంది. ఆ జూన్‌లోనే గూగుల్ వాళ్ల ఏఐ, జెమినై యాప్ తెలుగుతో కలిపి తొమ్మిది భారతీయ భాషల్లో వచ్చింది.

ఇప్పుడు బాబాయి "నెల్లూరు పుట్టి, 850 కిలోలు" అని చెప్పి మరీ అడుగుతున్నాడు. అంకె సరిగ్గానే వస్తోంది. మిల్లులో తూకంలోంచి తరుగు ఎంత తీస్తారని కూడా అడిగాడు. తేమ శాతం గురించి పేజీడు పాఠం చెప్పింది.