మాస్టు వంగింది కర్ర వల్ల కాదండీ: మోడల్ ఓడల రిగ్గింగ్‌పై అపోహలు, వాస్తవాలు

రిగ్గింగ్ అంటే ఓడ స్తంభాలను (మాస్టులను) పట్టి ఉంచే, తెరచాపలను నడిపే తాళ్ల అమరిక. మరమ్మతు కోసం నాకు వచ్చే మోడల్ ఓడల ఫోటోల్లో మళ్లీ మళ్లీ కనిపించే జబ్బు ఒకటే. ఫోర్ మాస్ట్ (ముందు మాస్టు) వెనక్కి వాలి ఉంటుంది, జిబ్‌బూమ్ (ఓడ ముందుకు పొడుచుకొచ్చే కర్ర) కొస పైకి లేచి ఉంటుంది, ఒక స్టే (మాస్టును ముందు నుంచి పట్టే తాడు) వీణతీగలా బిగిసి ఉంటే దాని పక్కనున్న రెండూ వదులుగా వేలాడుతుంటాయి. కింద ఎప్పుడూ అదే ప్రశ్న: "కిట్‌లో కర్ర నాసిరకమా అండీ?" చాలాసార్లు కర్ర తప్పేమీ ఉండదు.

అపోహ: దారం ఎంత బిగిస్తే రిగ్గింగ్ అంత బాగుంటుంది

ఎవరు పుట్టించారో గానీ, ఇంతమంది మోడళ్లను మూలన పడేయించిన మాట ఇంకోటి లేదు. అసలు ఓడలో ష్రౌడ్లు (మాస్టును పక్కల నుంచి పట్టే తాళ్లు), స్టేలు గాలి తోపుడుకు ఎదురు నిలిచి మాస్టును కాపాడాలి. మోడల్‌కు ఆ పనే లేదు. మాస్టు తన కింది గూడైన స్టెప్‌లో, సరైన వాలుతో, ఒక్క దారం లేకుండా నిలబడాలి. అలా నిలబడకపోతే ముందు దాని సంగతి చూడాలి, దారం జోలికి పోకూడదు. దారం పనల్లా జారకుండా తిన్నగా కనబడడమే.

బిగిస్తే ఏమవుతుందో చూడండి. నడిమి మాస్టు పై ముక్కకు కట్టిన మెయిన్ టాప్‌మాస్ట్ స్టే వచ్చి ఫోర్ మాస్టుకు చేరుతుంది. దాన్ని గట్టిగా లాగారు, ఫోర్ టాప్‌మాస్ట్ వెనక్కి జరిగింది. వెంటనే దాన్ని వెనక నుంచి పట్టే బ్యాక్‌స్టేలు వదులయ్యాయి. "అరె, వదులైందే" అని వాటినీ బిగిస్తారు. అవీ వెనక్కే లాగుతాయి కాబట్టి మాస్టు ఇంకాస్త వాలుతుంది. ఇటు ముందున్న స్టేలు బిగిసి జిబ్‌బూమ్‌ను పైకి లేపుతాయి. ఎంత సరిచేస్తే అంత చెడుతుంది.

ఒక పెద్దాయన తను కట్టిన మోడల్ క్లిప్పర్‌ను మాస్టులు మార్పించాలని తెచ్చారు. కర్ర వంకర తిరిగిందని ఎవరో చెప్పారట. నేను సన్న కత్తెర తీయగానే ఆయన మొహం పక్కకు తిప్పేసుకున్నారు. ఎన్నో రాత్రులు కూర్చుని కట్టిన దారాలు, తిప్పుకోరా మరి! రెండు బ్యాక్‌స్టేలు కోశాను. మేం చూస్తుండగానే టాప్‌మాస్ట్ నెమ్మదిగా లేచి నిలబడింది. "దానంతటదే లేచిందేంటి బాబూ!" అన్నారు. మాస్టులు మార్చలేదు, దారాలే మార్చాం. ఏళ్ల తరబడి వంగి ఉన్న మాస్టు అన్నిసార్లూ ఇలా లేవదు. అందుకే అనుమానం రాగానే కోసేయండి, దాచుకోకండి.

పద్ధతి ఇదీ. ముందు లోయర్ మాస్ట్ (మాస్టు కింది ముక్క) ష్రౌడ్లు: కుడివైపు, అంటే స్టార్‌బోర్డ్ వైపు ముందు జత, తర్వాత పోర్ట్ (ఎడమ) వైపు ముందు జత, అలా అటొకటి ఇటొకటి. స్టేలు ఆ తర్వాతే. పై, కింది డెడ్ఐల (ష్రౌడ్ల కొసన కట్టే రంధ్రాల చెక్క బిళ్లలు) మధ్య దూరం కంటితో కొలవకండి. తీగ ముక్కను రెండు వైపులా వంచి వాటి రంధ్రాల్లో గుచ్చితే అన్నీ ఒకే ఎత్తులో వస్తాయి. స్టేలు పడేదాకా లాన్యార్డ్ (డెడ్ఐలను కలిపే సన్న తాడు) ముడి ఖాయం చేయొద్దు. తెరచాపలను లాగే రన్నింగ్ రిగ్గింగ్‌ను తాడు చుట్టే బెలేయింగ్ పిన్ను చుట్టూ ఒక చుట్టు తిప్పి, కొసకు చిన్న క్లిప్పు వేలాడదీసి వదిలేయండి. జిగురు అన్నీ అయ్యాకే. కొత్త దారం కట్టగానే పాతది వదులైందంటే, మీరు ఎక్కువ లాగినట్టే. పాతదాన్ని బిగించకండి, కొత్తదాన్ని వదలండి.

రాట్‌లైన్లదీ (ష్రౌడ్లకు అడ్డంగా కట్టే నిచ్చెన మెట్ల తాళ్లు) ఇదే గొడవ. వాటి ముడులు, అంటే క్లోవ్ హిచ్‌లు బిగించి కడితే ష్రౌడ్లు మధ్యలో లోపలికి గుంజుకుపోతాయి. బయటి ష్రౌడ్లకు తాత్కాలికంగా గట్టి తీగ కట్టి, వెనక గీతల కాగితం పెట్టుకోండి. అసలు ఓడల్లో మెట్ల మధ్య ఎడం 13 నుంచి 15 అంగుళాలు, అంటే 1:64 స్కేల్లో (అసలులో 64వ వంతు) 5-6 మిల్లీమీటర్లు. 1:200, అంతకన్నా చిన్న స్కేల్లో ముడులు వేయకపోయినా ఎవరికీ కనిపించదు.

"వదులుగా వదిలితే దారం కిందికి వేలాడదు, పక్కకు పొడుచుకొస్తోంది" అంటారు. నిజమే. 1:64లో పొడవు 64 వంతులు తగ్గితే బరువు 2,62,144 వంతులు తగ్గుతుంది. దారాన్ని కిందికి లాగేంత బరువు దానికి మిగలదు. నీళ్లు కలిపిన తెల్ల జిగురుతో తడిపి, ఆరేదాకా మధ్యలో చిన్న బరువు వేలాడదీస్తే ఒంపు నిలుస్తుంది. పిన్నుల మీది తాళ్ల చుట్టలకూ అంతే.

అపోహ: పట్టికలో 9 అంగుళాల తాడంటే 9 అంగుళాల మందం

పాత రిగ్గింగ్ పట్టికల్లో ఉండేది చుట్టుకొలత. 3.14తో భాగించాలి. 9 అంగుళాల తాడు 1:64లో సుమారు 1.1 మిల్లీమీటర్ల దారం. మందం అనుకుంటే 3.6 మిల్లీమీటర్లు వస్తుంది, అది డెడ్ఐ చుట్టూ తిరగనే తిరగదు. "కిట్ డెడ్ఐలు చిన్నవి" అనే ఫిర్యాదు వింటే ముందు అడిగేది ఇదే.

మిగతావి గబగబా.

సూపర్ గ్లూ పెడితే ముడి గట్టిగా ఉంటుందా? ఉంటుంది. దారం పెళుసవుతుంది, తెల్ల మరకలు వస్తాయి, విప్పడం కుదరదు. తెల్ల జిగురైతే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో మెత్తబడుతుంది. సూపర్ గ్లూ పనికొచ్చేది దారం కొసను సూదిలా గట్టిపరచడానికి.

నూలు, నార దారాలు తేమకు బిగుస్తాయి, ఆరితే వదులవుతాయి. పాలిస్టర్ పెద్దగా మారదు. నైలాన్ సాగుతుంది, వద్దు.

ఓడ ఒంటికి వేసే పలక (ప్లాంకు) వంచడానికి అమోనియాలో నానబెట్టమనే సలహా ఇంకా తిరుగుతూనే ఉంది. కాస్త తడి, వేడి చాలు. కర్రను మెత్తబరిచేది వేడి.

గాలి చొరబడని గాజు పెట్టె భద్రమన్నది కూడా తప్పే. కర్రల నుంచి వచ్చే ఆమ్లపు ఆవిర్లు లోపలే నిలిచిపోయి సీసపు ఫిరంగులు, యాంకర్లను తెల్లటి పొడి చేస్తాయి. గాలి ఆడేలా చిన్న సందులు ఉంచండి.

చేతులు వణుకుతాయని ఈ హాబీకి పనికిరామనుకునేవాళ్లు చాలామంది. మణికట్టు కింద పుస్తకాల దొంతర పెట్టి, వేళ్లతో కాకుండా పొడవాటి ట్వీజర్లతో కట్టి చూడండి. చెయ్యి ఆధారం లేకుండా గాల్లో ఉంటే వణుకు ఎక్కువవుతుంది.

చివరగా, మొదటి మోడలే బ్రిటిష్ యుద్ధ ఓడ విక్టరీ కావాలనే పట్టుదల. అసలు ఓడలో 37 తెరచాపలు, సుమారు 42 కిలోమీటర్ల తాళ్లు. 1:64లో మొత్తం వేస్తే 650 మీటర్ల దారం. ఇప్పటికే కొనేశారా? పరవాలేదు, పెట్టె పక్కన పెట్టి ముందు ఒక్క మాస్టున్న కట్టర్ కట్టండి. ష్రౌడ్లు, స్టేలు, డెడ్ఐలు దానిలోనూ ఉంటాయి, తప్పు పోతే ఒక సాయంత్రంలో కోసి మళ్లీ కట్టుకోవచ్చు.