హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టు: మైదానం గట్టు మీద వినే అపోహలు

విజయనగరంలో పిల్లలకి ఫుట్‌బాల్ నేర్పడం నా పని. సాయంత్రం ప్రాక్టీసు చూడ్డానికి వచ్చే తాతల దగ్గర హైదరాబాద్ సిటీ పోలీస్ పేరెత్తితే చీకటి పడేదాకా లేవరు. ఆ జట్టు ఇప్పుడు లేదు. కబుర్లు మాత్రం ఉన్నాయి, వాటిలో కొన్ని సరిచేయాల్సినవి.

అపోహ: వరసగా ఐదేళ్లు బొంబాయి రోవర్స్ కప్పు పోటీ గెలిచి తెచ్చింది మన రాష్ట్రం జట్టే.

వాస్తవం: ఐదేళ్లూ నిజమే, 1950 నుంచి 1954 దాకా. రాష్ట్రం మాటే తప్పు. అప్పటికి మనం మద్రాసు రాష్ట్రంలో ఉన్నాం, 1953 అక్టోబరులో ఆంధ్ర రాష్ట్రంలోకి వచ్చాం. హైదరాబాద్ వేరే రాష్ట్రం. మన తాతలు మురిసిపోయింది పక్కవాళ్ల జట్టుని చూసి! 1956లో అందరం ఒకటయ్యాక, కొన్నేళ్లకి అది ఆంధ్ర పోలీస్ జట్టయింది. 1961లో గెలిచిన డ్యూరాండ్ కప్పు మాత్రం మనదని ధైర్యంగా చెప్పుకోవచ్చు.

అపోహ: కోచ్ రహీమ్ సాబ్ పెద్ద పోలీసు అధికారి, లాఠీ భయంతో ఆడించాడు.

వాస్తవం: సయ్యద్ అబ్దుల్ రహీమ్ బడిపంతులు. నాలాంటివాడికి ఇది వినడానికే బాగుంటుంది. 1943 నుంచి 1963లో చనిపోయేదాకా హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి. భారత జట్టుకి 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో బంగారు పతకం ఆయన కోచ్‌గా ఉండగా వచ్చినవే.

ఆయన పెట్టిన పోటీలు వింతగా ఉండేవి. ఒకదాంట్లో డ్రిబ్లింగ్, అంటే బంతిని కాలితో తోసుకుంటూ పోవడం, నిషేధం, బంతి అందగానే పాస్ ఇచ్చేయాలి. ఇంకోదాంట్లో వాటంలేని కాలితోనే ఆడాలి. నేనూ ఓ ఆదివారం ఎడమకాలి మ్యాచ్ పెట్టాను. "ఏటి మాస్టారూ, బంతి ఎటు పోతందో మాకే తెలీట్లేదు" అని మా సెంటర్ ఫార్వర్డ్ గోల. మొదటి రోజు ఒక్క గోలూ పడలేదు. నెల తిరిగేసరికి ఆ కుర్రాడే ఎడమ పక్క నుంచి తల ఎత్తి చూసి క్రాస్ వేస్తున్నాడు. లాఠీతో వచ్చే విద్య కాదిది.

అపోహ: ఉత్తికాళ్లతో ఆడతారని 1950 వరల్డ్ కప్పుకి మనవాళ్లని రానివ్వలేదు.

వాస్తవం: చోటు దక్కింది, వెళ్లనిది మనమే. 1948 ఒలింపిక్స్‌లో మనవాళ్లు చాలామంది ఉత్తికాళ్లతోనే ఆడి, ఫ్రాన్స్‌తో 2-1 తేడాతో ఓడారు.

అపోహ: ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్)లో ఆడిన హైదరాబాద్ ఎఫ్‌సీ ఆ పాత జట్టే.

వాస్తవం: పేరులో ఊరు తప్ప సంబంధం లేదు. అది 2019లో, పుణె సిటీ జట్టు స్థానంలో వచ్చిన ప్రైవేటు క్లబ్బు.

అపోహ: ఆటగాళ్లు దొరక్కే పోలీస్ జట్టు పోయింది.

వాస్తవం: ఆటగాళ్లకి కొదవ లేదు, నిలబెట్టుకోవడమే కష్టం. సికింద్రాబాద్ కుర్రాడు తులసీదాస్ బలరామ్ 1957లోనే కలకత్తా ఈస్ట్ బెంగాల్‌కి వెళ్లిపోయాడు. డిపార్ట్‌మెంట్ జట్టంటే ఉద్యోగాల మీద నడిచేది. ఆటగాళ్లని తీసుకున్నన్నాళ్లూ జట్టు ఉంటుంది. ఆపేస్తే, ఉన్నవాళ్లకి వయసు మీరుతుంది, అంతే. ఇంటర్ అయిన మా కుర్రాళ్లు ఇప్పటికీ ముందు అడిగేది ఇదే: "మాస్టారూ, ఫుట్‌బాల్ కోటాలో పోస్టులేవన్నా పడ్డాయా?"