పోలీసు రివాల్వర్ తూటా: యుద్ధంలో నిషేధం, వీధిలో అనుమతి

యుద్ధంలో వాడకూడదని 1899లో హేగ్ అంతర్జాతీయ సదస్సు నిషేధించిన, ఒంట్లో విచ్చుకునే రకం తూటాను 1998లో న్యూయార్క్ పోలీసులు ఎందుకు ఎంచుకున్నారు? దీని వెనక వంద సంవత్సరాల రివాల్వర్ కథ ఉంది.

1896లో థియోడోర్ రూజ్‌వెల్ట్ పోలీస్ కమిషనర్ల బోర్డుకు అధ్యక్షుడిగా ఉండగా ఆ నగర పోలీసులకు .32 కోల్ట్ రివాల్వర్ వచ్చింది (ఈ అంకె తూటా మందం సుమారుగా ఎన్ని అంగుళాలో చెబుతుంది). తూటా చిన్నది, దెబ్బ తక్కువ. రెండు మూడేళ్లకే స్మిత్ అండ్ వెసన్ కంపెనీ .38 స్పెషల్ అనే తూటా తెచ్చింది. గుండ్రటి ముక్కున్న సీసపు బుల్లెట్, బరువు 158 గ్రెయిన్లు, అంటే సుమారు 10 గ్రాములు. అమెరికా పోలీసులు దశాబ్దాల పాటు దాన్నే నమ్ముకున్నారు.

1930ల్లో దోపిడీ ముఠాలు కార్లెక్కాయి. రేకును చీల్చే బలం కావాలని 1935లో .357 మాగ్నమ్ అనే తూటా తయారుచేశారు. దాని మందుగుండు ఉండే ఇత్తడి గొట్టాన్ని .38 కంటే 3 మిల్లీమీటర్లకు పైగా పొడవు పెంచారు. పాత రివాల్వర్‌లో పొరపాటున పెట్టినా, తూటాలు పట్టే గుండ్రటి సిలిండర్ మూసుకోదు. మూసుకుని పేలిస్తే ఆ బలమైన తూటా ఒత్తిడికి తుపాకీ పగిలి, పట్టుకున్నవాడి చెయ్యే పోయేది.

అసలు చిక్కు మాత్రం గుండ్రటి ముక్కుతోనే. ఆ బుల్లెట్ ఒంట్లో సన్నటి దారి చేసుకుని పోతుంది. తగిలినవాడు వెంటనే పడిపోకపోవచ్చు, బుల్లెట్ అవతలికి వచ్చి దారినపోయేవాళ్లకు తగలొచ్చు. అందుకే ముక్కులో గుంట పెట్టిన హాలో పాయింట్ వచ్చింది. ఒంట్లోకి దిగగానే విచ్చుకుని, వేగం తగ్గి, చాలావరకు అక్కడే ఆగిపోతుంది. 1970ల్లో అమెరికా కేంద్ర దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ తన .38 రివాల్వర్లకు ఇలాంటి 158 గ్రెయిన్ల సీసపు తూటానే తీసుకుంది.

విచ్చుకునే బుల్లెట్‌కు మన దేశంతో సంబంధం ఉంది. 1890ల్లో కోల్‌కతా దగ్గరి డమ్‌డమ్ ఆయుధాగారంలో బ్రిటిష్ వాళ్లు రైఫిళ్ల కోసం అలాంటివి చేశారు. ఆ గాయాల మీద రేగిన గొడవే హేగ్ నిషేధానికి దారితీసింది. అది సంతకం చేసిన దేశాల మధ్య యుద్ధాలకే గనక పోలీసులకు అడ్డు రాలేదు. గాయం దారుణమని పౌర హక్కుల వాదులు చెప్పిన మాట సబబే. కానీ జనం కిక్కిరిసిన వీధిలో ఏ తప్పూ చేయనివాడి ప్రాణం కూడా చూడాలి కదా!

న్యూయార్క్‌కు ఆ సంగతి అనుభవం మీదే తెలిసింది. 1993లో అక్కడ 9 ఎంఎం పిస్టళ్లు ఇస్తూ పూర్తిగా లోహపు తొడుగున్న, విచ్చుకోని బుల్లెట్లే ఇచ్చారు. అవి మనుషుల్లోంచి దూసుకుపోయి పక్కవాళ్లకు, తోటి పోలీసులకు తగిలాయి. అయిదేళ్లకు హాలో పాయింట్‌కు మారక తప్పలేదు.