కళ్లు మూసుకుంటే ఆలోచనలు ఆగాలా? యోగా చుట్టూ అపోహలు - వాస్తవాలు

రాజమండ్రిలో ఒక కమ్యూనిటీ హాల్లో పొద్దున్న అయిదున్నరకి నా మొదటి బ్యాచ్. పదిహేడేళ్లుగా ఇదే పని. కొత్తగా చేరినవాళ్లు మూడో రోజో నాలుగో రోజో చాప చుట్టుకుంటూ మెల్లగా నా దగ్గరికొస్తారు. ఏం చెప్పబోతున్నారో మొహం చూస్తేనే తెలిసిపోతుంది. “అమ్మా, మీరు కళ్లు మూసుకోమన్నారు, మూసుకున్నాను. గ్యాస్ కట్టేశానా లేదా, పిల్లాడి ఫీజు, మొన్న పెళ్లిలో మా ఆడపడుచు అన్న మాట, అన్నీ అప్పుడే వరస కట్టాయి. నాకు యోగా పడదేమో.”

పడకపోవడం ఏముంది, ఆవిడ పని అప్పటికే మొదలైపోయింది. ఆ ఆడపడుచు మాట ఇన్నాళ్లూ లోపల తిరుగుతూనే ఉంది, ఇంటిపనుల హడావిడిలో వినపడలేదంతే. హాల్లో పది నిమిషాలు కుదురుగా కూర్చోగానే వినపడింది. ఆవిడ మాత్రం దాన్ని ఓడిపోవడం అనుకుంటోంది. యోగా అంటే ఇలా ఉండాలి, అలా ఉండాలి అని ఎక్కడెక్కడో విన్నవి తలలో ఉన్నాయి మరి. అలాంటివి కొన్ని ఇక్కడ రాస్తున్నాను. కొన్ని నిజంగా హాని చేసేవి, కొన్ని నవ్వి వదిలెయ్యదగ్గవి. అందుకే అన్నిటికీ ఒకే కొలత పెట్టలేదు.

అపోహ: ధ్యానం అంటే మనసులో ఒక్క ఆలోచన కూడా లేకుండా చేసుకోవడం

దీనికి సాక్ష్యంగా యోగసూత్రాలు రాసిన పతంజలినే తెస్తారు. “యోగశ్చిత్తవృత్తి నిరోధః” అన్నాడు కదా, వృత్తుల్ని, అంటే మనసులో లేచే కదలికల్ని, ఆపెయ్యమనే కదా అంటారు. అది యోగసూత్రాల్లో రెండో సూత్రం. యోగం అంటే ఏమిటో అక్కడ చెప్పాడు. అక్కడికి ఎలా చేరాలన్నది పన్నెండో సూత్రంలో ఉంది: అభ్యాసంతో, వైరాగ్యంతో. ఆ అభ్యాసం ఎలా ఉండాలో పద్నాలుగోది చెబుతుంది: చాలాకాలం, మధ్యలో మానకుండా, శ్రద్ధగా. మనవాళ్లు రెండో సూత్రం విని, పద్నాలుగో దాకా వెళ్లకుండా నాలుగో రోజే నా దగ్గరికొచ్చేస్తారు.

ఇంకొంచెం ముందుకెళితే ముప్పయ్యో సూత్రంలో సాధనకి వచ్చే అడ్డంకులు తొమ్మిది లెక్కపెట్టాడాయన. జబ్బు, అనుమానం, బద్ధకం, అందిన మెట్టు మీద నిలవలేకపోవడం, ఇవన్నీ అందులో ఉన్నాయి. అంటే కుదరకపోవడం కూడా సిలబస్‌లోదే. గీతలో అర్జునుడు మనసుని పట్టడం గాలిని పట్టడమంత కష్టం అంటే, కృష్ణుడు “అసంశయం” అని జవాబు మొదలుపెట్టాడు. అందులో అనుమానమే లేదయ్యా అని ఒప్పుకున్నాకే అభ్యాసం మాట ఎత్తాడు.

మరి చెయ్యాల్సిందేమిటి? ముక్కుపుటాల దగ్గర గాలి తగిలే చోట మనసు పెడతాం. నాలుగు శ్వాసలకి అది ఆడపడుచు దగ్గరికి వెళ్లిపోతుంది. వెళ్లిందని కాసేపటికి తెలుస్తుంది. తెలిశాక మళ్లీ శ్వాస దగ్గరికి తెచ్చుకుంటాం. గడప దాటి పాకిపోతున్న చంటిపిల్లని ఎత్తుకొచ్చి చాప మీద కూర్చోబెడతాం, మళ్లీ పాకుతుంది, మళ్లీ తెస్తాం. అంతేగానీ చెయ్యి చేసుకోం కదా. పది నిమిషాల్లో ఇరవైసార్లు తెచ్చుకుంటే, మనసు ఇరవైసార్లు పోయిందని దిగులుపడతారు. ఇరవైసార్లు కనిపెట్టారని నేను లెక్కేస్తాను. లోపల ఏం జరుగుతోందో తెలియడమంటే అదే. ప్రశాంతత దాని వెనకాల వస్తుంది, ఒక్కోరోజు రాదు కూడా.

దీనికి తిరగేసిన కేసు ఒకటుంది. “నాకు ఒక్క ఆలోచన కూడా రాలేదమ్మా, ఇరవై నిమిషాలు ఎలా గడిచాయో తెలీదు” అంటారు కొందరు గర్వంగా. చాలాసార్లు అది కునుకు. పతంజలి చెప్పిన అయిదు వృత్తుల్లో నిద్ర కూడా ఒకటి. కాబట్టి ఆ లెక్కన వాళ్లకీ ఆగిందేమీ లేదు.

అపోహ: ఒళ్లు విల్లులా వంగితేనే యోగా

యోగసూత్రాలు మొత్తం 195 (కొన్ని ప్రతుల్లో 196). అందులో ఆసనం గురించి ఉన్నవి మూడు. స్థిరంగా, సుఖంగా ఉండేది ఆసనం అంటాడు మొదటిదాంట్లో. రెండోదాంట్లో ప్రయత్నాన్ని సడలించమంటాడు. పదిహేనో శతాబ్దపు యోగ గ్రంథం హఠయోగ ప్రదీపికలో వివరించిన ఆసనాలు కూడా పదిహేనే, అందులో చాలావరకు కూర్చుని చేసేవి. ఇక సూర్య నమస్కారాలు. సూర్యుణ్ణి కొలవడం మనకి అనాదిగా ఉన్నదే. కానీ ఇప్పుడు మనం చేసే వరస వ్యాయామంగా జనంలోకి వెళ్లింది 1920లలో, మహారాష్ట్రలోని ఔంధ్ సంస్థానాధీశుడు భవాన్‌రావ్ పంత్ ప్రతినిధి చేసిన ప్రచారంతో. ఇది చెబితే కొందరు నా మీద అలుగుతారు. కొత్తదైనంత మాత్రాన చెడ్డదని నేననలేదు, రోజూ చేయిస్తూనే ఉన్నాను.

ఆసనం వల్ల లోపలి ఎరుక ఎలా వస్తుందో ఒక్కసారి పశ్చిమోత్తానాసనంలో, అంటే కాళ్లు చాపి కూర్చుని ముందుకి వంగి కాలివేళ్లు పట్టుకునేటప్పుడు, చూసుకోండి. వేళ్లు అందడం లేదని పళ్లు బిగబడతాయి, కనుబొమలు ముడిపడతాయి, ఊపిరి ఆగిపోతుంది. పక్కన చాప మీద ఆవిడకి అందేసిందని ఓరకంటి చూపు ఒకటి. ఆఫీసులోనూ ఇంట్లోనూ మనం ఉండే తీరు ఇదే, చాప మీద బయటపడుతుంది. ఆ పళ్లు వదులు చేశారా, మీ చేతులు మోకాళ్ల దగ్గరే ఆగిపోయినా ఆసనం అయినట్టే. మా బ్యాచ్‌లో ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారున్నారు, రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. కుర్చీలో కూర్చునే అన్నీ చేస్తారు. శ్వాస మీద ఆయనకున్న పట్టు పద్మాసనం వేసే కుర్రాళ్లకి లేదు.

అపోహ: ఎంత గట్టిగా, ఎంత వేగంగా ఊపిరి పీలిస్తే అంత ఆక్సిజన్, వేళ్లు జివ్వుమంటే కుండలిని (వెన్ను అడుగున నిద్రపోతుందని చెప్పే శక్తి) లేచినట్టు

ఇందులో నేనూ పడ్డాను. నేర్చుకునే రోజుల్లో ఒక శిబిరంలో వరసగా భస్త్రిక, కపాలభాతి (రెండూ ఊపిరిని గట్టిగా, వేగంగా ఆడించేవి), మళ్లీ భస్త్రిక, ఆపకుండా చేయించారు. కాసేపటికి తల తేలిపోయింది, పెదాలు తిమ్మిరెక్కాయి, వేళ్లు లోపలికి ముడుచుకుపోయాయి. భయపడి చెబితే “అదృష్టవంతురాలివి, శక్తి కదులుతోంది” అన్నారు. రెండేళ్లు ఆ భ్రమలో ఉండి, ఇంట్లో రోజూ అదే చేశాను. అసలు సంగతి తెలిశాక నా మీద నాకే నవ్వొచ్చింది.

కరోనా రోజుల్లో ఇంటింటికీ వచ్చిన పల్స్ ఆక్సీమీటర్ గుర్తుందా? ఆరోగ్యంగా ఉన్న మనిషి ఊరికే కూర్చున్నా రక్తంలో ఆక్సిజన్ అందులో నూటికి 95 పైనే చూపిస్తుంది. గిన్నె ఎప్పుడూ నిండే ఉంటుంది, వేగంగా పీల్చి కొత్తగా పోసేదేమీ లేదు. వేగంగా ఊదినప్పుడు మారేది కార్బన్ డయాక్సైడ్. అది అవసరానికి మించి బయటికి పోతుంది. పోయేసరికి మెదడుకి రక్తం తీసుకెళ్లే నాళాలు సన్నబడతాయి, అందుకే తల తిరుగుతుంది. రక్తంలో క్షారగుణం పెరిగి, కండరాలకీ నరాలకీ అందుబాటులో ఉండే కాల్షియం తగ్గుతుంది, అందుకే తిమ్మిరి, వేళ్లు ముడుచుకోవడం. ఆందోళనతో ఎగఊపిరి తీసే మనిషికి అయ్యేదీ ఇదే. దాన్ని దైవానుభవం అని నమ్మించడం నాకు నచ్చదు.

కపాలభాతిని తీసిపారేయడం లేదు. దాని చోటు వేరు. హఠయోగ ప్రదీపిక దాన్ని ధౌతి (పొట్ట శుభ్రం చేసుకోవడం), నేతి (ముక్కు శుభ్రం చేసుకోవడం) లాంటి ఆరు శుద్ధిక్రియల్లో పెట్టింది, ప్రాణాయామాల్లో కాదు. కొవ్వు, కఫం ఎక్కువున్నవాళ్లు ముందు ఆ క్రియలు చేసుకోవాలి, మిగతావాళ్లకి అక్కర్లేదు అని కూడా అదే పుస్తకం చెబుతుంది. బీపీ, గుండెజబ్బు, హెర్నియా, మూర్ఛ ఉన్నవాళ్లు, గర్భిణులు, కడుపు ఆపరేషన్ అయినవాళ్లు దాని జోలికి పోవద్దు. సింహాన్నీ ఏనుగునీ పులినీ మెల్లమెల్లగా మచ్చిక చేసుకున్నట్టు ప్రాణాన్ని లొంగదీసుకోవాలి, లేకపోతే అది సాధకుణ్ణే చంపుతుందంటాడు ఆ గ్రంథకర్త స్వాత్మారాముడు.

మనసు నెమ్మదించాలంటే శ్వాస నెమ్మదించాలి. మామూలుగా పెద్దవాళ్లు నిమిషానికి పన్నెండు నుంచి ఇరవై సార్లు ఊపిరి తీస్తారు. దాన్ని ఆరుకి తెచ్చి చూడండి. లెక్క తేలికే: నాలుగు అంకెలు పీల్చడం, ఆరు అంకెలు వదలడం, పది సెకన్లకి ఒక శ్వాస. పీల్చేటప్పుడు గుండె కాస్త వేగంగా, వదిలేటప్పుడు కాస్త నిదానంగా కొట్టుకుంటుంది. వదలడం పొడుగైతే ఆ నిదానం ఎక్కువసేపు ఉంటుంది. మెదడు నుంచి గుండెకీ పొట్టకీ వెళ్లే వేగస్ నరం చేసే పనిది. మణికట్టు దగ్గర నాడి పట్టుకుని మీరే చూసుకోవచ్చు. మా మాస్టారు మొదటిసారి అలా చూసుకుని, చిన్నపిల్లాడిలా అందరికీ చెయ్యి చాపి చూపించారు. మొదట్లో కుంభకం, అంటే ఊపిరి బిగబట్టడం, వద్దు. ఆరు అంకెలకి ఆయాసం వస్తే మూడు, నాలుగుతో మొదలుపెట్టండి. అయిదు నిమిషాలు చాలు.

అపోహ: యోగా చేసేవాళ్లకి కోపం రాదు

మా అబ్బాయిని అడగండి చెబుతాడు. నేను గొంతు పెంచినప్పుడల్లా “అమ్మా, నువ్వు యోగా టీచరువి కదా” అంటాడు. దాంతో ఇంకా మండుతుంది. కోపం వస్తుంది, కాకపోతే వస్తున్నప్పుడే తెలుస్తుంది. నాకైతే ముందు చెవులు వేడెక్కుతాయి, దవడ బిగుసుకుంటుంది, ఆ తరవాతే మాట. ఒకప్పుడు మాట వెళ్లిపోయాక తెలిసేది. ఇప్పుడు పదిలో నాలుగైదుసార్లు చెవుల దగ్గరే పట్టుకుంటాను. మిగతా అయిదారుసార్లు మా అబ్బాయి పట్టుకుంటాడు.

మనసు తేటపడాలంటే ఏం చెయ్యాలో పతంజలి శ్వాస కంటే ముందు సూత్రంలోనే చెప్పాడు, క్లాసుల్లో మాత్రం ఎవరూ పెద్దగా చెప్పరు. సుఖంగా ఉన్నవాళ్లతో స్నేహభావం, కష్టంలో ఉన్నవాళ్ల మీద కరుణ, మంచి చేసేవాళ్లని చూసి సంతోషం, చెడు చేసేవాళ్ల పట్ల ఉపేక్ష. కరుణ మనకి బాగానే వస్తుంది. కష్టమంతా మొదటిదాంతోనే. పక్కింటివాళ్ల అబ్బాయికి అమెరికా వీసా వచ్చిందని స్వీట్లు తెచ్చినప్పుడు నోట్లో లడ్డూ, లోపల ఇంకేదో. శీర్షాసనం దీనికంటే సులువని నా అభిప్రాయం.

అపోహ: బ్రాహ్మీ ముహూర్తంలో చేస్తేనే ఫలం

డాలస్ నుంచి ఒకమ్మాయి వీడియోలో మా పొద్దున్న బ్యాచ్‌లోనే కలుస్తుంది. ఎండాకాలంలో అక్కడ ముందురోజు సాయంత్రం ఏడు. ఆ అమ్మాయికి బాగానే ఉంది. కడుపు నిండా తిన్నాక మూడు గంటలు ఆగండి, రోజూ ఒకే వేళ పెట్టుకోండి, చాలు.

అపోహ: యోగా మొదలుపెట్టాక మందులు మానెయ్యొచ్చు, ఎవరికైనా ఎప్పుడైనా మంచిదే

అన్నిటికంటే నన్ను భయపెట్టేది ఇదే. సర్వాంగాసనం (భుజాల మీద ఒరిగి కాళ్లు పైకెత్తేది) వేస్తే థైరాయిడ్ నయమవుతుందని విని ఒకావిడ మాత్రలు ఆపేసింది. నాలుగు నెలలకి మొహం ఉబ్బి, మాట మందగించి వచ్చింది. థైరాయిడ్ ఎంత పనిచెయ్యాలో తలలోని పిట్యూటరీ గ్రంథి రక్తంలోకి పంపే హార్మోను చెబుతుంది. మెడ మడిచి గ్రంథిని నొక్కితే ఆ లెక్క సరికాదు. బీపీ, షుగర్ మాత్రలదీ అంతే, తగ్గించాలో వద్దో డాక్టర్ చెప్పాలి, నేను కాదు. గ్లకోమా ఉన్నవాళ్లు తలకిందులయ్యే ఆసనాలు వెయ్యకూడదు, కంట్లో ఒత్తిడి పెరుగుతుంది.

మనసు జబ్బుల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. బాగా కుంగిపోయి ఉన్నవాళ్లని, పానిక్ అటాక్‌లు వచ్చేవాళ్లని, పెద్ద దెబ్బ తగిలి తేరుకోనివాళ్లని కళ్లు మూసి లోపలికి చూడమంటే కొందరికి భయం ఎక్కువవుతుంది. అలాంటివాళ్లని నేను కూర్చోబెట్టను. కళ్లు తెరిచి, హాలు చుట్టూ అరికాళ్లు నేలకి తగలడం గమనిస్తూ నడవమంటాను. సైకియాట్రిస్ట్ దగ్గరికి వెళ్లడం మానొద్దంటాను. ఎక్కడికి వెళ్లాలో తెలియనివాళ్లకి, ఫోన్లో మానసిక సాయం చేసే టెలీ మానస్ నంబరు 14416 రాసిస్తాను. ప్రభుత్వానిదే, డబ్బులక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు.

అపోహ: శవాసనం అంటే ఆఖర్న దొరికే నిద్ర

అలసట తీర్చి మనసుకి విశ్రాంతినిచ్చేది అని దానికి పేరు. ఒళ్లు పూర్తిగా వదిలెయ్యాలి, మెలకువ మాత్రం వదలకూడదు. ఫ్యాన్ చప్పుడు, దూరంగా గోదావరి బ్రిడ్జి మీద రైలు, పక్కన ఎవరిదో దగ్గు, అన్నీ వినపడుతూ ఉండాలి. రాత్రి సరిగ్గా పడుకోనివాళ్లకి అది సాధ్యం కాదు, రెండు నిమిషాల్లో గురక మొదలవుతుంది. వాళ్లకి ఒక చిట్కా చెబుతాను. పడుకునే మోచెయ్యి నేలకి ఆనించి, ముంజేతిని నిలువుగా పైకి ఎత్తి ఉంచమంటాను. కునుకు పట్టగానే చెయ్యి వాలిపోతుంది, మెలకువొస్తుంది. మా మాస్టారి చెయ్యి రోజూ ధబ్బున పడుతుంది. పడగానే, కళ్లు తెరవకుండానే, “ఇక్కడే ఉన్నానమ్మా” అంటారు.