గ్యాస్ బిళ్ళ కాదు బాబాయ్! ప్రోబయోటిక్ క్యాప్సూళ్ళపై అపోహలు - వాస్తవాలు

మందుల షాపు కౌంటర్ వెనక నిలబడి పదిహేనేళ్ళయింది. యాంటీబయాటిక్ రాసిన చీటీలో చాలాసార్లు లాక్టోబాసిల్లస్ అనే, పేగులకు మేలుచేసే బ్యాక్టీరియా కలిపిన బి-కాంప్లెక్స్ కూడా ఉంటుంది. ప్రోబయోటిక్ క్యాప్సూల్ అంటే అదే. చీటీ లేకుండా "ఆ కడుపు క్యాప్సూల్ ఇవ్వు తమ్ముడూ" అని అడిగేవాళ్ళూ తక్కువేం కాదు.

అపోహ: క్యాప్సూల్‌లో పీచు కూడా ఉందిగా, ఇక ఆకుకూరలెందుకు?

వాస్తవం: స్ట్రిప్ తిప్పి వెనక చిన్న అక్షరాలు చదవండి. ఎఫ్‌ఓఎస్ (ఒక రకం పీచు) అని రాసి, పక్కన 100 మిల్లీగ్రాములనో 200 అనో ఉంటుంది. అది లోపలున్న బ్యాక్టీరియాకు మేత, అంతే. మనిషికి రోజుకు 25 నుంచి 30 గ్రాముల పీచు కావాలి. 200 లెక్కన 30 గ్రాములకు 150 క్యాప్సూళ్ళు మింగాలి! దానికన్నా గోరుచిక్కుడు కూర, జొన్నరొట్టె, ఒక జామకాయ నయం. మలబద్ధకానికి ఇసబ్గోల్ వాడితే వెంటనే గ్లాసు నిండా నీళ్ళు తాగాలి. లేకపోతే అదే లోపల బిగుసుకుంటుంది.

అపోహ: ఎన్ని కోట్ల బ్యాక్టీరియా ఉంటే అంత మంచిది.

వాస్తవం: అంకె కన్నా ఏ రకమన్నది ముఖ్యం. యాంటీబయాటిక్‌తో వచ్చే విరేచనాలకు కొన్ని రకాలు పనికొస్తాయి. గ్యాస్, ఉబ్బరాలకు మాత్రం ఆధారాలు బలహీనం. యాంటీబయాటిక్‌కూ దీనికీ రెండు గంటల ఎడం ఇవ్వమంటాను. శాకరోమైసిస్ అయితే ఆ గొడవ లేదు, అది ఈస్ట్ కాబట్టి యాంటీబయాటిక్‌కు చావదు. కీమో చేయించుకుంటున్నవాళ్ళు, నెలలు నిండని పసిబిడ్డల తల్లులు అడిగితే డాక్టర్ చీటీ లేకుండా నేనివ్వను.

అపోహ: ఇడ్లీ తింటే అదే ప్రోబయోటిక్.

వాస్తవం: పిండి పులిసినప్పుడు ఉన్నవి ఆవిరికి పోతాయి. మజ్జిగ పులుసులోనూ అంతే. కాచని మజ్జిగలోనే బతికుంటాయి.

అపోహ: మూత్రం పచ్చగా వస్తే కామెర్లు.

వాస్తవం: మొన్న ఒక బాబాయ్ ఇదే భయంతో షట్టర్ ఎత్తకముందే వచ్చి కూర్చున్నాడు. కనురెప్ప కిందికి లాగి చూశాను, కంటి తెల్లభాగం తెల్లగానే ఉంది. "రాత్రి ఆ క్యాప్సూల్ వేసుకున్నావా?" అన్నాను. వేసుకున్నాడు. అందులోని బి2 విటమిన్ మిగిలితే అలాగే పచ్చగా బయటికి పోతుంది. కళ్ళూ పచ్చబడితే మాత్రం డాక్టర్ దగ్గరికి పరుగెత్తాలి.

అపోహ: బి విటమిన్లు ఉన్నాయి కాబట్టి అరికాళ్ళ తిమ్మిర్లకూ ఇదే చాలు.

వాస్తవం: నాకు అసలు టెన్షన్ ఇక్కడే. కొన్నింటిలో ఫోలిక్ యాసిడ్ ఉంటుంది, బి12 ఉండదు. ఫోలిక్ యాసిడ్ అంటే మన భీమవరం బిడ్డ యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం 1945లో అమెరికాలో తయారుచేసిన విటమిన్. మంచిదే. కానీ బి12 లోపం ఉన్నప్పుడు ఇదొక్కటే వేసుకుంటే రక్తం బాగుపడినట్టు కనిపిస్తుంది, నరాలు మాత్రం లోపల దెబ్బతింటూనే ఉంటాయి. షుగర్‌కు ఏళ్ళ తరబడి మెట్‌ఫార్మిన్ వాడేవాళ్ళకు బి12 తగ్గే అవకాశం ఎక్కువ. అందుకే అలాంటివాళ్ళు తిమ్మిర్లని చెబితే క్యాప్సూల్ తీయకముందే, బి12 పరీక్ష చేయించుకుని ఆ కాగితం డాక్టర్‌కు చూపించి రమ్మంటాను.