షెడ్యూలులో లేని టీచరు

మండల కేంద్రంలో, బడి ఆవరణలోనే ఓ మూల గది. గోడకు నిలువుటద్దం, పట్టుకుని నడక నేర్చుకునే రెండు కమ్మీలు, నడుముకు బెల్టు కట్టి కూర్చోబెట్టే చెక్క కుర్చీ, పళ్లెంలో దారానికి గుచ్చే పూసలు. వికలాంగ బాలల కోసం నడిచే దీన్ని తెలుగు రాష్ట్రాల్లో భవిత కేంద్రం అంటారు. ఫిజియోథెరపీ ఉన్న రోజు తల్లులు పిల్లల్ని చంకనేసుకుని వస్తారు. వరండాలో కూర్చుంటే తరచూ వినపడే ప్రశ్న ఒకటే: "సదరంలో ఎంత పడింది?" సదరమంటే వైకల్యం ఎంత శాతమో తేల్చే ధ్రువపత్రం. 40 శాతం పడితే పింఛనుకు దారి. అంతకు తగ్గితే మళ్లీ క్యాంపు చుట్టూ తిరగడమే.

ఆ గదిలో పిల్లలకు అక్షరాలు దిద్దించే ఐఈఆర్పీలు (ఇన్‌క్లూజివ్ ఎడ్యుకేషన్ రిసోర్స్ పర్సన్లు) ఏళ్ల తరబడి ఒప్పంద ఉద్యోగులే. దీని మూలం చాలా వెనక ఉంది.

వికలాంగ బాలలు మామూలు బళ్లలోనే చదవాలని 1964-66 నాటి కొఠారీ కమిషనే చెప్పింది. అందుకోసం కేంద్రం పథకం పెట్టింది 1974లో. దాన్ని అప్పగించింది మాత్రం సంక్షేమ శాఖకు. అది విద్యాశాఖకు చేరేసరికి 1982 వచ్చింది. బడి సంగతి సంక్షేమం ఖాతాలో ఎనిమిదేళ్లు ఉందన్నమాట. ప్రత్యేక పాఠశాలలైతే ఇప్పటికీ కేంద్రంలో సామాజిక న్యాయ శాఖ చూసే వ్యవహారమే.

వికలాంగుల చట్టం 1995లో వచ్చింది, 1996 ఫిబ్రవరి 7 నుంచి అమలైంది. 18 ఏళ్లు వచ్చేదాకా ఉచిత విద్య అంది. మామూలు బడిలో కలపడం దగ్గరికి వచ్చేసరికి "ప్రయత్నించాలి" అని సరిపెట్టింది. గుర్తించిన వైకల్యాలు ఏడే, వాటిలో ఆటిజం లేదు. ఆటిజానికి 1999 నేషనల్ ట్రస్ట్ చట్టంలో చోటు దొరికింది గానీ, ఆ చట్టం ముఖ్యంగా పట్టించుకున్నది సంరక్షకులెవరన్న విషయం. చదువు అందులో పక్కనే ఉండిపోయింది.

2010 ఏప్రిల్ 1న విద్యాహక్కు చట్టం అమల్లోకి వచ్చినప్పుడు వికలాంగ బాలలకు 1995 చట్టాన్నే చూపించి ఊరుకున్నారు. ప్రైవేటు బళ్లలో 25 శాతం సీట్లకు అర్హులైన "ప్రతికూల పరిస్థితుల్లోని వర్గాల" నిర్వచనంలో వాళ్ల ఊసే లేదు. 2012 సవరణతో ఆ మాట చేరింది, ఆటిజం పిల్లలూ లోపలికి వచ్చారు. తీవ్ర వైకల్యం ఉంటే ఇంటి దగ్గరే చదువుకునే వీలు కూడా అప్పుడే ఇచ్చారు. అది పిల్లల ఇష్టానికి వదిలిన వీలు. అయినా "ఇంట్లోనే ఉంచండమ్మా" అనడానికి కొందరికి అదే సాకైంది.

అసలు లోటు ఆ చట్టం చివరి షెడ్యూలులో ఉండేది. ఎందరు పిల్లలకు ఒక టీచరు, ఎన్ని గదులు, మరుగుదొడ్లు, ఆటస్థలం అన్నీ అందులో రాశారు. ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో వందమంది దాటితే చిత్రలేఖనానికీ వ్యాయామానికీ పార్ట్‌టైమ్ శిక్షకులు కావాలన్నారు. వికలాంగ పిల్లలకు చదువు చెప్పే స్పెషల్ ఎడ్యుకేటర్ మాట అప్పట్లో లేదు. లెక్కలో లేని టీచరుకు పోస్టు మంజూరు చేయాలని ఏ ఆర్థిక శాఖకు తోస్తుంది? పథకం డబ్బుతో ఒప్పందం మీద తీసుకోవడం అలా అలవాటైపోయింది.

1995 చట్టం స్థానంలో తెచ్చిన 2016 వికలాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19న అమల్లోకి వచ్చింది. ఏడు వైకల్యాలు 21 అయ్యాయి, డిస్లెక్సియా (చదవడంలో, అక్షరాలు పోల్చుకోవడంలో ఇబ్బంది) లాంటి అభ్యసన వైకల్యాలూ చేరాయి. వైకల్యం 40 శాతం, ఆపైన ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల దాకా ఉచిత విద్య. పక్క బడా, ప్రత్యేక పాఠశాలా అన్నది వాళ్లిష్టం. 16వ సెక్షన్ ప్రభుత్వ నిధులున్న బళ్లకే కాదు, ప్రభుత్వ గుర్తింపున్న బళ్లకూ వర్తిస్తుంది. "మా దగ్గర అలాంటి పిల్లలకు ఫెసిలిటీస్ లేవండీ" అని పంపించేసే ప్రైవేటు స్కూళ్లు ఈ సెక్షన్ ఎప్పుడైనా చదివాయో లేదో. టీచర్లను నియమించాలని 17వ సెక్షన్ అంది, ఎందరినన్నది మాత్రం మళ్లీ చెప్పలేదు.

ఆ అంకె కోర్టు నుంచి రావలసి వచ్చింది. రజనీశ్ కుమార్ పాండే కేసులో 2021 అక్టోబరు 28న సుప్రీంకోర్టు ప్రాథమిక స్థాయిలో పదిమందికి ఒకరు, ఆపైన పదిహేనుమందికి ఒకరు చొప్పున స్పెషల్ టీచర్లు ఉండాలంది. ఆ నిష్పత్తులను కేంద్రం 2022లో నోటిఫై చేసింది. పోస్టులు మాత్రం పుట్టలేదు. 2025 మార్చి 7న కోర్టు మళ్లీ కలగజేసుకుని, మంజూరైన పోస్టుల సంఖ్యను నోటిఫై చేయాలని అన్ని రాష్ట్రాలకూ గడువు పెట్టింది. ఏళ్లుగా ఒప్పందం మీద పనిచేస్తున్నవాళ్ల అర్హతలను స్క్రీనింగ్ కమిటీలు పరిశీలించాలని కూడా చెప్పింది.

పదిమందికి ఒకరని లెక్క కట్టాలంటే ముందు ఆ పదిమందీ ఎక్కడున్నారో తేలాలి. బడి పిల్లలను ఐదేళ్లకోసారి సర్వే చేయాలని 2016 చట్టమే చెబుతోంది. కాలు ఈడుస్తూ వచ్చే పిల్లాడు రిజిస్టరులోకి సులువుగానే ఎక్కుతాడు. 'బ'కూ 'ఒ'కూ తేడా తెలియక, చివరి బెంచీలో మొద్దబ్బాయని పేరు తెచ్చుకున్నవాడికి సదరం లేదు, శాతమూ లేదు.